మందు కొట్టించాక చీమలు ఇంకా ఎక్కువయ్యాయి, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది అపార్ట్‌మెంట్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు. మూడు నెలల క్రితం వంటింట్లో చిన్న చిన్న చీమలు మొదలయ్యాయి. లేత పసుపు రంగు, పట్టి చూస్తే తప్ప కంటికి ఆనవు. పెస్ట్ కంట్రోల్ మనిషిని పిలిపించి ఇల్లంతా మందు కొట్టించాం. రెండు రోజులు ఒక్క చీమ కనిపించలేదు. పదో రోజుకల్లా బెడ్‌రూమ్‌లో, బాత్రూమ్‌లో, చివరికి స్విచ్‌బోర్డు లోంచి కూడా రావడం మొదలుపెట్టాయి. మళ్ళీ పిలిస్తే ఇంకోసారి కొట్టి వెళ్ళాడు. ఇంకా పెరిగాయి. ఇప్పుడు ఏడాది కాంట్రాక్ట్ తీసుకుంటే నెలనెలా వచ్చి కొడతామంటున్నారు. మా పాపకు పది నెలలు. నేలంతా పాకుతుంది, దొరికింది నోట్లో పెట్టుకుంటుంది. మమ్మల్ని మోసం చేశారా? ఆ మందు పాపకు ప్రమాదమా? కాంట్రాక్ట్ తీసుకోమంటారా? ఇల్లు శుభ్రంగా పెట్టుకుంటే చీమలెందుకొస్తాయని వచ్చినవాళ్ళు అంటుంటే తల కొట్టేసినట్టుంది.

జవాబు: మీ చివరి మాటతోనే మొదలుపెడతానమ్మా. ఆ మాట మనసులోంచి తీసేయండి. అద్దంలా తుడిచి పెట్టుకున్న వంటిళ్ళలో గోడ పొడవునా చీమల బారులు చూశాను. నెలకోసారి కూడా ఊడవని ఇళ్ళలో ఒక్క చీమ లేకపోవడమూ చూశాను. ఈ చిన్న చీమకు కావలసిందల్లా కాస్త తీపి, ఒక చుక్క నీరు, గోడలో ఒక వెచ్చని సందు. అపార్ట్‌మెంట్‌లో అయితే గూడు మీ ఇంట్లోనే ఉండాలని కూడా లేదు. పక్క ఫ్లాట్ గోడలో ఉండి, పైపుల వెంటో వైర్ల వెంటో మీ ఇంటికి వచ్చి ఉండొచ్చు. శుభ్రత వల్ల మనం పెట్టే మందు బాగా పని చేస్తుంది, అది నిజమే. కానీ చీమలు వచ్చాయి కాబట్టి మీరు అశుభ్రంగా ఉన్నారనడం తప్పు.

ఇక జరిగిందేమిటో చెబుతాను. మీరు రాసిన రంగు, పరిమాణం, స్విచ్‌బోర్డులో చేరడం, మందు కొట్టాక మూడు గదులకు పాకడం, ఇవన్నీ కలిపి చూస్తే నాకు ఎక్కువగా అనుమానం ఫారో చీమ మీదే. పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు. ఒళ్ళంతా లేత పసుపు, తోక వైపు మాత్రం కాస్త ముదురు. అది కాకపోతే ఘోస్ట్ చీమ అనే ఇంకొకటి అయి ఉండాలి. దానికి తల ముదురు రంగు, పొట్టా కాళ్ళూ దాదాపు పారదర్శకంగా ఉంటాయి. తెల్ల గచ్చు మీద నడుస్తుంటే తల ఒక్కటే చుక్కలా కదిలినట్టు కనిపిస్తుంది. ఈ రెండింటికీ ఒక పెద్ద పోలిక ఉంది. మనకు అసలు సమస్య కూడా అక్కడే.

చీమల గూడు అనగానే ఒక రాణి, దాని చుట్టూ సైన్యం అనుకుంటాం. చాలా రకాల్లో అలాగే ఉంటుంది. ఈ రెండు రకాల్లో మాత్రం ఒక్కో గూటిలో చాలామంది రాణులుంటాయి. కొత్త గూడు పెట్టాలంటే రెక్కలొచ్చి ఎగిరిపోవాల్సిన పని కూడా లేదు. కొన్ని శ్రామిక చీమలు గుడ్లను, పిల్లలను నోట కరుచుకుని, ఒకటో రెండో రాణులను వెంటబెట్టుకుని పక్క సందులోకి నడిచి వెళ్ళిపోతాయి. ఆ రోజు నుంచి అది ఇంకో కాపురం. ఫారో చీమల్లో అయితే రాణి వెంట రాకపోయినా, తెచ్చుకున్న పిల్లల్లోంచే కొత్త రాణిని పెంచుకోగలవు. మామూలు రోజుల్లో ఈ వేరుపడడం మెల్లగా జరుగుతుంది. గూటికి ఏదైనా ఆపద వస్తే ఒక్కసారిగా జరుగుతుంది.

మీ ఇంట్లో కొట్టిన మందు ఆ ఆపదే అయి ఉంటుంది. సాధారణంగా చీమలకు కొట్టే స్ప్రేల్లో సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, పర్‌మెత్రిన్ లాంటి రసాయనాలుంటాయి. ఇవి తగిలిన చీమను వెంటనే చంపుతాయి. తగలనివాటిని తరిమేస్తాయి. ఎందుకంటే మందు కొట్టిన చోటును చీమలు పసిగట్టి తప్పించుకుంటాయి. బయట బారులు తీరి తిరిగేవి గూటిలో కొద్ది భాగమే. రాణులు, గుడ్లు, పిల్లలు, వాటిని సాకే చీమలు అన్నీ గోడ లోపల భద్రంగా ఉంటాయి. కాబట్టి మీరు ప్రశాంతంగా గడిపిన ఆ రెండు రోజులూ గోడల్లో కాపురాలు విడిపోతూ ఉన్నాయి. వంటింట్లో ఉన్న ఒక్క గూడు మూడో నాలుగో అయింది. రెండోసారి కొట్టడంతో అవి ఇంకా చీలాయి.

ఈ తప్పు నేనూ చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక వృద్ధ దంపతుల ఇంటికి వెళ్ళాను. వంటగట్టు మీద బారు కనిపించింది. గబగబా పంపు భుజానికి తగిలించుకుని అరగంటలో ఇల్లంతా కొట్టేసి, ఇక బెంగ లేదని చెప్పి వచ్చేశాను. మూడు వారాల తర్వాత ఆ పెద్దావిడ ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్తే ఒక్క మాట అనలేదు. హాల్లో ఉన్న గోడ గడియారం దించి, వెనక్కి తిప్పి, బల్ల మీద పెట్టారు. బ్యాటరీ పెట్టే చోట చీమలు కిక్కిరిసి ఉన్నాయి. వాటి మధ్య ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి పిల్లలు, కాస్త పెద్దగా, ముదురు రంగులో రెండు రాణులు. నేను మందు కొట్టకముందు ఆ హాల్లో చీమలు లేవు. వాటిని అక్కడికి తరిమింది నేనే. ఆ ఇంట్లో చీమలు పూర్తిగా పోవడానికి ఆ తర్వాత రెండు నెలలు పట్టింది. ఆ రోజు నుంచి ఏ ఇంటికి వెళ్ళినా పంపు బండిలోనే వదిలి, చేతిలో టార్చ్‌తో లోపలికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

కాబట్టి మోసం చేశారా అన్న మీ ప్రశ్నకు నా జవాబు, చాలావరకు కాదు. తొందరపడ్డారు. ఏ చీమో చూడకుండా అన్నిటికీ ఒకే మందు కొట్టారు. నల్లచీమలకు, గూడు బయట మట్టిలో ఉన్న కొన్ని రకాలకు ఆ పద్ధతి కొంత పని చేస్తుంది, అందుకని అలవాటుగా కొట్టేస్తారు. మొదటిసారి జరిగితే పొరపాటనుకోవచ్చు. రెండోసారి పిలిచినప్పుడు, ఎందుకు పెరిగాయని ఒక్క ప్రశ్న కూడా వేయకుండా మళ్ళీ అదే కొట్టడం మాత్రం నాకు నచ్చలేదు. పని తెలిసినవాళ్ళు అక్కడ ఆగి ఆలోచించాలి.

ఇప్పుడు పాప సంగతి. పైన చెప్పిన రకం మందులు పూర్తిగా ఆరిపోయాక మనుషులకు ప్రమాదం బాగా తగ్గుతుంది. తడిగా ఉన్నప్పుడు చర్మానికి తగిలితే మంట, చిమచిమలు రావచ్చు. మీరు కొట్టించి చాలా రోజులైంది, పాప హుషారుగా ఉంటే టెన్షన్ పడకండి. అయినా పాకే పిల్ల చేతులు రోజంతా నేల మీద, ఆ వెంటనే నోట్లో ఉంటాయి. అందుకని గదుల నేలను, గోడల అడుగున జానెడు ఎత్తు వరకు సబ్బు నీళ్ళతో తుడిచి, తర్వాత మంచినీళ్ళతో ఇంకోసారి తుడవండి. నేల మీద పడి ఉండే బొమ్మలు కడగండి. కొట్టినవాళ్ళకు ఫోన్ చేసి మందు పేరు, అందులోని రసాయనం పేరు అడిగి రాసి పెట్టుకోండి. ఎప్పుడైనా పాపకు వాంతులు, మగత, ఒంటి మీద దద్దుర్లు లాంటివి కనిపిస్తే డాక్టర్‌కు మొదట ఆ పేరే చెప్పాలి. పొరపాటున ఏ మందైనా నోట్లోకి పోతే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. డబ్బా చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

గీతలు గీసే చాక్‌పీస్ మందు ఇంట్లో ఉంటే ఇవాళే బయట పడేయండి. మీరు రాయలేదు గానీ చాలా ఇళ్ళలో అది ఉంటుంది. బడి చాక్‌పీస్‌కూ దానికీ తేడా పెద్దవాళ్ళకే తెలియదు, పది నెలల పిల్లకు ఎలా తెలుస్తుంది? పైగా అందులో ఉండేది కూడా చీమల్ని తరిమే మందే. మీ ఇంట్లో ఉన్న రకం చీమల విషయంలో అది మీకు మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

పిల్లిని పెంచుతుంటే పర్‌మెత్రిన్ పేరు గుర్తుపెట్టుకోండి. కుక్కలు తట్టుకునే మోతాదు కూడా పిల్లులకు ప్రాణం మీదకు తెస్తుంది, ఎందుకంటే వాటి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. చేపలకూ ఈ జాతి మందులు పడవు.

ఇక ఈ రోజు నుంచి స్ప్రే అన్నది పూర్తిగా ఆపేయండి. షాపులో దొరికే చిన్న డబ్బా స్ప్రే కూడా వద్దు. మంచం మీద చీమ కనిపిస్తే చేతులు ఊరుకోవని నాకు తెలుసు. తడిగుడ్డతో తుడిచేయండి, సరిపోతుంది.

తర్వాత, ఎవరినీ పిలవకముందు రెండు రాత్రులు మీరే ఒక చిన్న పని చేయండి. పాప నిద్రపోయాక ఒక అట్టముక్క తీసుకుని, ఒక మూల చిక్కటి పంచదార నీళ్ళు ఒక చుక్క, ఇంకో మూల ఉడికించిన గుడ్డు పచ్చసొన చిటికెడు, మూడో మూల ఒక చుక్క నూనె పెట్టండి. ఇలాంటి అట్టలు మూడు నాలుగు చేసి, చీమలు కనిపించే గదుల్లో గోడ పక్కగా ఉంచండి. గంట తర్వాత వెళ్ళి చూడండి. లైటు వేయకుండా టార్చ్‌తో నేలకు సమానంగా వెలుగు పడేలా చూస్తే బారు స్పష్టంగా తెలుస్తుంది. దేనికి ఎక్కువ చేరాయో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. తర్వాత, వచ్చేవాటిని వదిలేసి వెనక్కి వెళ్ళేవాటిని పట్టుకోండి. అంటే చేత్తో కాదు, కంటితో. కడుపు నిండిన చీమ దారిలో వంకలు పోదు, నేరుగా గూటికే పోతుంది. అది గోడలో ఎక్కడ మాయమవుతుందో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. స్విచ్‌బోర్డు అంచు, కిటికీ చట్రం, టైల్స్ మధ్య ఊడిన సిమెంటు, సింకు కింద పైపు గోడలోకి వెళ్ళే చోటు, వాషింగ్ మెషిన్ అడుగు, ఇవి వాటికి ఇష్టమైన చోట్లు. వెచ్చదనం, తేమ రెండూ దొరుకుతాయి. పని అయ్యాక అట్టలు తీసేయండి, తెల్లారి పాప చేతికి దొరక్కూడదు.

బాల్కనీలో కుండీలుంటే ఆకుల కింద చూడండి. పిండినల్లి, పేనుబంక లాంటి పురుగులు ఆకు రసం పీల్చి తియ్యటి జిగట విసర్జిస్తాయి. చీమలు దాని కోసం ఆ పురుగుల్ని పశువుల్లా కాపలా కాస్తాయి. ఇంట్లో ఎంత తుడిచినా అక్కడ తిండి దొరుకుతూనే ఉంటే, తర్వాత మనం పెట్టబోయే ఎరను, అంటే తిండిలో కలిపిన మందును, చీమ లెక్క చేయదు. ఆ ఆకులను సబ్బు నీళ్ళతో కడిగేస్తే చాలు.

ఇప్పుడు పిలవండి, మనిషిని. వాళ్ళనే పిలిచినా, వేరేవాళ్ళను పిలిచినా ఫోన్‌లోనే ఒక మాట అడగండి: "వచ్చి మొదట ఏం చేస్తారు?" మందు కొడతాం అంటే వద్దనండి. చూస్తాం అంటే రమ్మనండి. వచ్చినవాళ్ళకు మీ ఫోటోలు, పెన్సిల్ గీతలు చూపించండి. పని తెలిసిన మనిషి వాటిని చూసి సంబరపడతారు. సింకు కింద దూరతారు, స్విచ్‌బోర్డు మూత మీద టార్చ్ వేస్తారు, పక్క ఫ్లాట్ వాళ్ళకు కూడా ఉన్నాయా అని అడుగుతారు. ఈ చివరి ప్రశ్న అడిగినవాళ్ళను నేను సగం నమ్మేస్తాను. ఫారో చీమలు ఒక భవనంలో ఒక్క ఫ్లాట్‌కే పరిమితం కావడం అరుదు. మీ ఒక్క ఇంట్లో చంపితే పక్క ఇంటి గోడలోంచి మళ్ళీ వస్తాయి. మీ పై ఇంటి వాళ్ళతో, పక్కింటి వాళ్ళతో, కింది ఇంటి వాళ్ళతో మాట్లాడి, అందరికీ ఒకేసారి పెట్టించగలిగితే పని తొందరగా తెములుతుంది. అడగడానికి మొహమాటపడకండి, వాళ్ళ ఇంట్లోనూ ఉండి ఉంటాయి, చెప్పుకోలేక ఊరుకుని ఉంటారు.

ఏ మందు వాడతారని అడిగితే జవాబులో ఎర అనో జెల్ అనో రావాలి. ఈ రకం చీమలకు దారి అదొక్కటే అని నా నమ్మకం. అది ఎలా పని చేస్తుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది తెలియకపోతే మొదటి రెండు రోజుల్లో భయపడి మీరే తుడిచేస్తారు.

ఎదిగిన చీమ గట్టి తిండి మింగలేదు. దాని గొంతులో ఉండే వడపోత ద్రవాన్ని మాత్రమే లోపలికి పోనిస్తుంది. గట్టి ముక్క దొరికితే మోసుకెళ్ళి గూట్లోని పిల్లలకు ఇస్తుంది. పిల్లలు దాన్ని అరిగించి, ద్రవంగా మార్చి, తిరిగి పెద్దవాటికి ఇస్తాయి. చీమకు రెండు కడుపులుంటాయి. ఒకటి తనకు, ఇంకొకటి అందరికీ. బయట తాగిన తీపిని ఆ ఉమ్మడి సంచిలో నింపుకుని వెళ్ళి, ఎదురైన చీమ నోటికి నోరు ఆనించి పంచుతుంది. అది ఇంకొకదానికి, అక్కడి నుంచి రాణికి. గోడ లోపలికి మనం వెళ్ళలేం, పంపు వెళ్ళదు. చీమ నోట్లోని చుక్క ఒక్కటే వెళ్ళగలదు. ఎర మందు ఆ చుక్కలో ప్రయాణం చేస్తుంది.

అలా చేరాలంటే ఆ మందు మెల్లగా చంపేది అయి ఉండాలి. తాగిన చీమ దారిలోనే పడిపోతే గూటికి ఏమీ అందదు. అందుకే ఎరల్లో మోతాదు చాలా తక్కువ పెడతారు. ఇంట్లో బోరిక్ పౌడర్, పంచదార కలిపి పెట్టేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. ఎక్కువ వేస్తే బాగా చస్తాయని చారెడు కలుపుతారు. నిజానికి తీపి నీళ్ళలో 1 శాతం లాంటి తక్కువ మోతాదే బాగా పని చేస్తుంది, మరీ ఎక్కువైతే చీమలు ముట్టుకోవడం మానేస్తాయి, ముట్టినవి దారిలో చస్తాయి. ఏమైనా పాకే పిల్ల ఉన్న ఇంట్లో మీరు సొంతంగా కలపవద్దు. బోరిక్ పౌడర్ తేలిక మందని చాలామంది అనుకుంటారు, మింగితే పిల్లలకు అదీ విషమే.

తయారుగా దొరికే ఎరల లేబుల్ మీద హైడ్రామెథిల్నాన్, ఇండాక్సాకార్బ్, ఫిప్రోనిల్ లాంటి పేర్లు కనిపిస్తాయి. వీటిలో ఇండాక్సాకార్బ్ పురుగు ఒంట్లోకి వెళ్ళాకే అసలు విషంగా మారుతుంది. మెథోప్రీన్, పైరిప్రాక్సిఫెన్ అనేవి ఇంకో తరహా. అవి పెద్ద చీమల్ని చంపవు, పిల్లలు ఎదగకుండా చేస్తాయి, రాణుల గుడ్లను దెబ్బ తీస్తాయి. వాటికి ఓపిక ఎక్కువ కావాలి. ఫారో చీమ గుడ్డు దశ నుంచి శ్రామిక చీమ కావడానికి సుమారు 38 రోజులు పడుతుంది. కొత్త తరం రావడం ఆగిపోయి, ఉన్నవి వయసై పోయేదాకా మీకు తేడా తెలియదు. కానీ చాలా గూళ్ళుగా చీలిపోయిన మీ ఇంటి లాంటి చోట ఇది వేళ్ళతో సహా తీసేస్తుంది. రెండు రకాలూ ఒకదాని వెంట ఒకటి వాడే మనిషి దొరికితే ఇంకా మంచిది.

మీ అట్టముక్క పరీక్ష ఇక్కడ పనికొస్తుంది. తీపికి చేరితే తీపి జెల్, పచ్చసొనకో నూనెకో చేరితే ప్రొటీన్ లేదా నూనె ఎర. గూట్లో పిల్లలు ఎక్కువగా ఉన్నప్పుడు ప్రొటీన్ కోసం తిరుగుతాయి, కొన్నాళ్ళకు మనసు మార్చుకుని తీపి వైపు పోతాయి. మధ్యలో ఎర ముట్టడం మానేస్తే మందు పని చేయలేదని కాదు, రుచి మార్చాలి.

జెల్ పెట్టే చోట పాత స్ప్రే వాసన ఉండకూడదు. అందుకే ముందు తుడవమన్నాను. కిరోసిన్, ఫినాయిల్ లాంటి వాసనలు కూడా అక్కడ రాకుండా చూసుకోండి. చుక్క ఎంత ఉండాలి అంటారా, పెసరగింజలో సగం. ఒకేచోట పెద్ద ముద్ద కాకుండా, బారు నడిచే దారి పక్కనే పది పదిహేను చోట్ల. పాప చేయి అందే చోట బయట ఒక్క చుక్క కూడా పెట్టనివ్వకండి. మూత ఉన్న చిన్న డబ్బాల్లో వచ్చే ఎరలుంటాయి, పిల్లలు తెరవలేనివి. కింద అవి పెట్టించి, జెల్ చుక్కలు సింకు వెనక, తలుపు చట్రం పైన, అలమర కీళ్ళ లోపల పెట్టించండి. స్విచ్‌బోర్డు దగ్గర బయట అంచునే పెట్టాలి, లోపల ద్రవం ఏదీ పోయకూడదు, కొట్టకూడదు. ఎక్కడెక్కడ పెట్టారో అన్నీ మీకు చూపించి రాసిమ్మని అడగండి.

మొదటి రోజు రాత్రి మీకు గుండె గుభేలుమంటుంది. ఎర చుట్టూ పువ్వు రేకుల్లా తలలు లోపలికి పెట్టి ఇరవై ముప్పై చీమలు చేరతాయి. వచ్చే బారు, పోయే బారు రెట్టింపవుతాయి. తుడవకండి. ఆ దారి మీద ఏమీ చల్లకండి. ఘోస్ట్ చీమలైతే ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చూడండి, తాగుతున్నకొద్దీ పొట్ట ఉబ్బి, లోపలి ద్రవం రంగు బయటికి కనిపిస్తుంది. అలా నిండిన ప్రతి పొట్టా గోడ లోపలికి మందు మోస్తోంది. మీ చేతికి గుడ్డ పట్టుకుని తుడవాలనిపించే ఆ సమయంలోనే పని జరుగుతోంది. చుక్కలు అయిపోతే మళ్ళీ పెట్టాలి, ఎండిపోతే మార్చాలి. మీ మనిషి వారంలోపు తిరిగి వచ్చి చూసి వెళ్ళాలి. రాననే మనిషి అయితే మొదటే వద్దనుకోండి. మూడు నాలుగు రోజుల నుంచి బారులు పలచబడతాయి. పూర్తిగా పోవడానికి మూడు నుంచి ఆరు వారాలు పట్టినా కంగారుపడకండి.

ఇక కాంట్రాక్ట్. తారీఖు ప్రకారం నెలనెలా వచ్చి గోడల వెంట కొట్టి పోతామనే కాంట్రాక్ట్ మీకు అక్కర్లేదు. పాప ఉన్న ఇంట్లో అసలే వద్దు. అవసరం లేని మందు నెలకోసారి ఇంట్లోకి తెచ్చుకోవడం అవుతుంది. వచ్చి చూస్తాం, ఎర తనిఖీ చేస్తాం, చీమ ఉంటేనే మందు పెడతాం అని కాగితం మీద రాసిస్తే అప్పుడు ఆలోచించండి. మూడు నాలుగు సందర్శనలు రాసిచ్చి, ఏ చీమో పేరు రాసి, ఏ రసాయనమో రాసిచ్చేవాళ్ళు నిజంగా ఉన్నారు, వెతికితే దొరుకుతారు.

ఇంకో రెండు మాటలు, ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ళ కోసం. మీ ఇంట్లోవి పెద్ద నల్ల చీమలై, తలుపు చట్రం కింద రంపపు పొట్టులా రాలుతుంటే అవి కార్పెంటర్ చీమలు కావచ్చు. అవి కర్రను తినవు, తొలిచి కాపురం పెడతాయి. చాలాసార్లు నానిన కర్రలో ఉంటాయి కాబట్టి ముందు ఆ నీరు ఎక్కడి నుంచి కారుతోందో చూడాలి. వానల తర్వాత దీపం దగ్గర రెక్కల పురుగులు కుప్పగా చేరితే అవి చీమలా, ఉసిళ్ళా అన్నది తేల్చుకోండి. ఉసిళ్ళు చెదల జాతి. చీమకు నడుము సన్నగా ఉంటుంది, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి, ముందు రెక్కలు వెనక రెక్కల కంటే పెద్దవి. ఉసిళ్ళకు నడుము ఉండదు, మీసాలు పూసల దండలా తిన్నగా ఉంటాయి, నాలుగు రెక్కలూ ఒకే పొడవు. చెదలకు చేసే వైద్యం పూర్తిగా వేరు, చీమల జెల్‌తో అది తగ్గదు. పెరట్లో ఎర్రచీమలు కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం, మొహం వాపు వస్తే చీమే కదా అని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మీ విషయానికొస్తే, గోడ సందులు ఇప్పుడే పూడ్చేయాలని ఇంట్లో ఎవరైనా అంటే ఆపండి. ఎర పని చేయాలంటే ఆ దారులు తెరిచే ఉండాలి, మూస్తే ఇంకో గదిలో తలుపు తెరుచుకుంటాయి. ఆరో వారం చివర ఒక రాత్రి మళ్ళీ ఆ అట్టముక్కలు పెట్టండి. పెన్సిల్ గీతల దగ్గర ప్రత్యేకంగా. ఒక్కటి కనిపించినా ఎర ఇంకో విడత వేయించండి. వరసగా మూడు రాత్రులు తీపి చుక్క, పచ్చసొన, నూనె మూడూ పెట్టినవి పెట్టినట్టే ఉంటే అప్పుడు ఎర డబ్బాలు తీయించి, సింకు కింద పైపు చుట్టూ, టైల్స్ మధ్య, కిటికీ చట్రం అంచుల్లో సందులు మూయించండి. స్విచ్‌బోర్డు చుట్టూ ఉన్న సందును మాత్రం మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ చేతే మూయించండి.